ముహూర్తం ఫోటో

కస్తూరికి మాట్లాడటం రాదని ఎవరైనా అంటే, వాళ్ళు మద్రాసులో చింతాద్రిపేట మొహం ఎప్పుడూ చూడలేదన్నమాట. బజారుకెళ్ళి చింతపండు కొనుక్కొచ్చిన సంగతి ఆమె చెప్పడం మొదలుపెడితే అరగంట పడుతుంది. చింతపండు అమ్మేవాడి మీసం, వాడి తక్కెడ, వాడికి తన అత్తగారి మీదున్న కోపం, అన్నీ అందులోకి వచ్చేస్తాయి. వినేవాళ్ళు పొయ్యి మీద పాలు పెట్టిన సంగతి మర్చిపోతారు. అలాంటి మనిషి తన పెళ్ళి కథను మాత్రం ఎనిమిదేళ్ళుగా ఒక్కసారి కూడా చివరిదాకా చెప్పలేకపోయింది. చెప్పడం రాక కాదు, చెప్పనిచ్చిన పుణ్యాత్ములు లేక.

ఆమె పెళ్ళి తొంభై ఒకటిలో, మే ఇరవైరెండు, బుధవారం తెల్లవారి ముహూర్తానికి. ముందురోజు సాయంత్రం అదే కల్యాణ మంటపంలో రిసెప్షన్ ఘనంగా జరిగింది. ఆ రాత్రే, ఊరికి అంత దూరం కూడా లేని శ్రీపెరంబుదూరులో, ఎన్నికల సభకు వచ్చిన రాజీవ్ గాంధీని బాంబు పేల్చి చంపేశారు. ఆయన పక్కన నిలబడ్డవాళ్ళు కూడా ఎందరో పోయారు. తెల్లారేసరికి మద్రాసు మద్రాసంతా తలుపులు బిగించుకుంది. రిసెప్షన్‌కి ఫోటోలు తీసి, పొద్దున్నే వస్తానని వ్యాసర్పాడిలో ఇంటికి వెళ్ళిన ఫోటోగ్రాఫర్ నాగప్పన్ మళ్ళీ రాలేదు. పెళ్ళి జరిగింది గానీ, జరిగినట్టు ఒక్క ఫోటో లేదు.

కస్తూరి ఇంటికి ఎవరొచ్చినా ముందు మంచినీళ్ళు, తర్వాత కాఫీ, ఆ తర్వాత పెళ్ళి ఆల్బం. మద్రాసులో అన్ని ఇళ్ళలోనూ అంతే అనుకోండి. మొదటి పేజీల్లో రిసెప్షన్: కుర్చీల్లో కస్తూరి, దామోదరం, వెనక వరసగా చుట్టాలు, అందరి కళ్ళలో ఫ్లాషు వెలుతురు. ఆ తర్వాత ఒక నల్లటి ఖాళీ పేజీ. పెద్ద ముహూర్తం ఫోటో దూర్చడానికి నాలుగు కాగితపు మూలలూ ముందే అంటించి ఉన్నాయి, లోపల ఫోటో లేదు. కస్తూరి ఆ పేజీ దగ్గర ఆగి, గొంతు సవరించుకుని, "ఈడే ఉండాది అసలు సంగతి. ఆ రాత్రి ఏమైందంటే..." అని మొదలుపెడుతుంది.

"ఏ రాత్రి? అయ్యయ్యో, మే ఇరవయ్యొకటా!" అంటారు వచ్చినవాళ్ళు. ఇక అంతే. పక్కింటి పంకజమ్మ ఆ రాత్రి ఇడ్లీపిండి రుబ్బుతోంది, రేడియోలో మాట వినగానే చెయ్యి రోట్లోనే ఉండిపోయింది. ఎదురింటాయన సినిమా రెండో ఆటలో ఉన్నాడు, సగంలో లైట్లు వేసి అందర్నీ ఇళ్ళకి పొమ్మన్నారు. కస్తూరి సొంత మేనమామ తాంబరంలో రైలు దిగి, బస్సు లేక, చెప్పు తెగి, ఒక చెప్పుతో నడుచుకుంటూ వచ్చాడు. ఆయన ఈ మాట చెప్పినప్పుడల్లా ఒక మైలు పెరుగుతుంది. ఇప్పటికి బెంగళూరు నుంచి నడిచొచ్చినంత అయింది.

ఎవరి కథ వాళ్ళకి ముద్దు, తప్పేం లేదు. కస్తూరి మాత్రం ఆల్బం ఒళ్ళో పెట్టుకుని, ఆ ఖాళీ పేజీలో అందరూ తలో కథ అంటించి వెళ్తుంటే చూస్తూ కూచునేది. ఆమెకు కావలసింది ఒకే ఒక్క మాట. ఇంట్లో తెలుగు మాట్లాడే మద్రాసువాళ్ళు కూడా "తర్వాత ఏమైంది?" అనడానికి అరవంలో "అప్పురం?" అంటారు. ఆ ఖాళీ పేజీ దగ్గర ఎవరైనా ఒక్కసారి "అప్పురం?" అంటే చాలని ఆమె మొక్కుకోని దేవుడు లేడు.

మొదటి ఏడాది జనం ఇంత వాక్యం చెప్పేవారు: రాజీవ్ గాంధీని చంపేశారే, ఎన్నికల సభలో, ఆ రాత్రి అని. మరుసటి ఏడాదికి అది 'శ్రీపెరంబుదూరు రాత్రి' అయింది. ఆ పైన ఊరి పేరు కూడా రాలిపోయింది, ఏ సంవత్సరమో చెప్పే పనీ లేకపోయింది. మే ఇరవయ్యొకటి అంటే చాలు, అందరూ ఒక్క క్షణం తల దించుతారు. ఇంట్లో పెద్దదిక్కు పోతే పేరెత్తకుండా 'ఆ రోజు' అంటాం చూడండి, దేశానికీ అదే అలవాటు కాబోలు. దామోదరం ఎన్నూరులో కరెంటు తయారుచేసే స్టేషన్ ఆఫీసులో గుమాస్తా. అక్కడ ఏటా ఆ రోజు అందరూ లేచి నిలబడి, చెయ్యి చాపి, హింసను ఎదిరిస్తామని ప్రమాణం చేస్తారు. ప్రమాణం కాగానే ఎవడో ఒకడు దామోదరం చెవిలో, "ఈడ ఒక ప్రమాణం, రేపు ఇంటికాడ ఇంకోటా సార్?" అని గొణుగుతాడు.

పాపం కస్తూరి పెళ్ళిరోజుకి సొంత పేరు కూడా మిగల్లేదు. ఇరవైరెండు అని చెబితే, "ఓ, మే ఇరవయ్యొకటికి మర్నాడు!" అంటారు. పోయినవాళ్ళ మీద ఆమెకు ఎంత జాలి ఉందో చెప్పలేం. టీవీలో ఆ దహనం చూసి మూడు కొంగులు తడిపింది. కానీ తన పెళ్ళి తన పెళ్ళే కదా, దాని కథ తనతోనే పోతే ఎట్లా అని ఆమె బాధ. ఆ బాధంతా కలిసి ఒక్క మనిషి మీద కోపమై కూచుంది. ఆ మనిషి నాగప్పన్. అతను కనబడితే కెమెరా తీసి నెత్తిన పగలగొడతానని ఆమె పేట అంతా చాటింది. అతను చింతాద్రిపేట వైపు పెళ్ళిళ్ళు ఒప్పుకోవడమే మానేశాడని చెప్పుకునేవారు.

తొంభైతొమ్మిది మే నెలలో, ఎండలకి తలుపులు తీసి పడుకున్న ఒక మధ్యాహ్నం, కూతురు ప్రీతి వచ్చి తల్లి పక్కన కూచుంది. దానికి ఏడేళ్ళు.

"అమ్మా, నీకు నిజంగా పెండ్లి అయిందా?"

"ఏందే ఆ ప్రశ్న?"

"కార్తీక వాళ్ళమ్మకి అయింది. ఫోటో ఉండాది. మీది సుమ్మా, ఊరికే కుర్చీలో కూచున్న ఫోటోలే గదా. కుర్చీలో ఎవురైనా కూచుంటారు."

కస్తూరి లేచి కూచుంది. సాయంత్రం దామోదరం చెప్పులు విప్పకముందే తీర్పు వినిపించింది: ఈసారి పెళ్ళిరోజుకి పెళ్ళిబట్టలు కట్టుకుని, మిద్దె మీద నిలబడి, ముహూర్తం ఫోటో తీయించుకోవాల్సిందే. దామోదరం తన పొట్ట వైపు ఒకసారి చూసుకుని సరేనన్నాడు. అతను మంచివాడు, పైగా ఆకలితో ఉన్నాడు.

అడ్డం తిరిగింది అత్తగారు మునెమ్మ. "మొగుడు రెండోసారి తాళి కట్టేది అరవయ్యేండ్లు నిండినాకనే. నడాన కట్టకూడదు. వీడికి ఇంకా నలభై గూడా రాలేదు."

"కట్టేది లేదత్తా. కట్టినట్టు నిలబడేది, అంతే."

"అయితే మెడకీ చేతులకీ నడాన జానెడు దూరం ఉండల్ల. నేను పక్కనే నిలబడి చూస్తా ఉంటా."

జానెడు దూరానికి ఒప్పందం కుదిరింది.

ఇరవైరెండో తేదీ శనివారం. మిద్దె మీద అరటి పిలకలు రెండు కట్టారు. దామోదరం పట్టుచొక్కా ముందర రెండు పక్కలూ కలవనంటే, వెనక నిలువునా కోసి పిన్నులు పెట్టారు. ముందు నుంచి చూస్తే పెళ్ళికొడుకు, వెనక నుంచి చూస్తే చిరిగిన దిండు. కస్తూరి పెళ్ళిచీర కట్టుకుని, జడలో కనకాంబరాలు పెట్టుకుని, చూసినవాళ్ళందరికీ ఎలా ఉన్నానని అడిగి, బాగున్నావని చెప్పినవాళ్ళని మళ్ళీ అడిగింది. ఆమె కాళ్ళు నేల మీద ఆనడం లేదు. ఫోటోగ్రాఫర్‌ని తను చూసుకుంటానని దామోదరం చెప్పాడు గానీ, ఎవరో చెప్పలేదు. అడిగితే అరటి పిలకల కట్లు సవరించబోయాడు.

తలుపు కొట్టిన చప్పుడైతే కస్తూరే వెళ్ళి తీసింది. మెడలో కెమెరా, నుదుట విభూతి, చంకలో సంచితో నాగప్పన్. ఆ సమయానికి ఆమె చేతిలో హారతి పళ్ళెం ఉంది కాబట్టి సరిపోయింది, అప్పడాల కర్ర ఉంటే ఈ కథ వేరేగా ఉండేది.

"ఏమయ్యా! ముహూర్తానికి ఎనిమిదేండ్లు లేటుగా వస్తివే!"

"దోవలో అడ్డం పడినారు చెల్లెమ్మా," అన్నాడు నాగప్పన్, గడప అవతలే నిలబడి.

"వ్యాసర్పాడి ఏమన్నా కాశీలో ఉండాదా? దొర్లుకుంటా వచ్చినా వచ్చేస్తావే ఈడికి!"

దామోదరం పరుగున దిగొచ్చి మధ్యలో నిలబడ్డాడు. ఎన్నూరు ఆఫీసులో గుర్తింపు కార్డులకి ఫోటోలు తీయడానికి నాగప్పన్ వచ్చాడనీ, తనే వదలకుండా పట్టుకుని రమ్మన్నాననీ చెప్పాడు. "తిట్టేది ఫోటో అయినాక తిట్టు కస్తూరీ. వెలుతురు పోతా ఉండాది. పిన్నులు గూడా ఎంతసేపు నిలుస్తాయో తెలీదు."

పిన్నుల మాట నిజమే కాబట్టి కస్తూరి తిట్లని తాత్కాలికంగా వాయిదా వేసి మిద్దె ఎక్కింది.

పీటల మీద కూచున్నారు. పసుపుతాడు దామోదరం చేతిలో ఉంది. మునెమ్మ జానెడు చాపి కొలిచి చూసింది. ప్రీతి దోసిట్లో అక్షింతలు పోసుకుని, తను ఫోటోలో పడకూడదని ఎంత చెప్పినా వినకుండా అమ్మానాన్నల నడుమ తల దూర్చింది. నాగప్పన్ ఒక కన్ను మూసి కెమెరాకి కన్నానించాడు. పాతికేళ్ళుగా పెళ్ళిళ్ళు తీస్తున్న మనిషి. సరిగ్గా ఫ్లాషు కొట్టే ముందు అతని నోట ఒక కేక దానంతట అదే వస్తుంది. ఇప్పుడూ వచ్చింది.

"గట్టిమేళం, గట్టిమేళం!"

తాళి కట్టేటప్పుడు అపశకునపు మాటేదీ చెవిన పడకుండా మేళం హోరెత్తించమని ఆ కేక. అది వినగానే దామోదరం చేతులు అతని మాట వినడం మానేశాయి. జానెడూ దాటి, మెడ చుట్టూ తిరిగి, టకటకా మూడు ముళ్ళూ వేసేశాయి. అక్కడితో ఊరుకున్నాడా? మేళం లేని లోటు తోచిందో ఏమో, "పీ... పీపీపీ... డుం డుం" అని నోటితో మెల్లగా వాయించాడు కూడా. ప్రీతి అక్షింతలు చల్లింది. మునెమ్మ కూడా కళ్ళు మూసుకుని అలవాటుగా అక్షింతలు చల్లేసి, ఆ తర్వాత కళ్ళు తెరిచి, నోరూ తెరిచింది.

"సచ్చినోడా, కట్టేసినావే!"

"నేను కాదుమ్మా, ఈయన కేకేసినాడు!"

కస్తూరి నవ్వింది. పీట మీద ఊగి ఊగి, పక్కకి ఒరిగి, కనకాంబరాలు రాలిపోయేలా నవ్వింది. దామోదరం నవ్వితే వెనక పిన్నులు ఒక్కొక్కటే ఎగిరిపోయాయి. మునెమ్మ కాసేపు బిగబట్టుకుని చూసి, "పోనీలే, అరవయ్యికి మూడోసారి కట్టుదువు," అని తనూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ మిద్దె మీద నవ్వనిది ఒక్క నాగప్పన్.

"అదేంది సార్, పీపీ అంటిరి?"

"అది నీకు తెలీదులే," అంది కస్తూరి, కళ్ళు తుడుచుకుంటూ. "ఆ పొద్దు వచ్చినోళ్ళకే తెలుసు. నువ్వు రాలేదు గదా."

నవ్వుతూ అన్న మాటే గానీ నాగప్పన్ మొహం వాడిపోయింది. కెమెరా పక్కన పెట్టి మిద్దె గోడ మీద కూచున్నాడు.

"వచ్చినా చెల్లెమ్మా. వంతెన దాకా వచ్చినా."

ఎవరి మే ఇరవయ్యొకటి కథ అయినా మొదటి మాటతోనే పసిగట్టగలదు కస్తూరి. ఇదిగో, ఇంకొకటి మొదలైంది అనుకుంది. అడ్డం పడి, వాయిదా వేసిన తిట్లన్నీ తీసి గుమ్మరించాలని నోరు తెరిచింది. కానీ అతని మొహం చూసింది. మాట మధ్యలో తుంచేస్తే ఎలా ఉంటుందో ఆ పేటలో ఆమెకన్నా బాగా తెలిసినవాళ్ళు ఎవరు?

"అప్పురం?" అంది.

నాగప్పన్ చెప్పాడు. ఆ తెల్లవారి పట్టుచొక్కా వేసుకుని, సైకిలెక్కి వ్యాసర్పాడి నుంచి బయలుదేరాడు. ఇంట్లోవాళ్ళు వద్దని ఏడ్చారు. మూల తిరగ్గానే రోడ్డుకి అడ్డంగా టైర్లు మండుతున్నాయి. ఎవరో సైకిలు లాక్కున్నారు. కెమెరాని చొక్కాలో దాచుకుని, రైలు పట్టాల పక్కన నడిచి, బేసిన్ బ్రిడ్జి వంతెన ఎక్కాడు. అక్కడ పోలీసులు ఆపారు. పెళ్ళికి పోవాలని చెబితే, ఈ పొద్దు ఎవరికయ్యా పెళ్ళి అని ఒకాయన లాఠీ ఎత్తాడు, ఇంకొకాయన మెల్లగా, ఇంటికి పోబ్బా అన్నాడు.

"గడియారం చూస్తే ముహూర్తం అయిపోతా ఉండాది. మా గురువు ఒక మాట చెప్పినాడమ్మా: ఒప్పుకున్న ముహూర్తానికి ఫోటో పడకుండా ఉండకూడదు, అది మన తొళిల్‌కే, మనం చేసే పనికే ద్రోహం అని. అందుకని ఆడనే నిలబడి, ఎదురుగా ఏముంటే దాన్ని తీసేసినా."

సంచిలోంచి కవరు తీసి ఇచ్చాడు. కవరు అంచులు మాసిపోయి ఉన్నాయి. లోపల ఆల్బం కొలతకి సరిగ్గా కడిగించిన పెద్ద ఫోటో. వంతెన మీద నుంచి కనబడే రోడ్డు, అటు చివర నుంచి ఇటు చివరదాకా ఖాళీ. మూసిన షట్టర్లు, గోడల మీద ఎన్నికల పోస్టర్లు, దూరంగా పొగ. పడి ఉన్న ఒంటి చెప్పు. రోడ్డు నడిమధ్యన ఒక నల్లకుక్క కూచుని కెమెరాకేసి చూస్తోంది.

"పెండ్లి ఆల్బంలో పెట్టమని ఈ ఫోటో ఏ మొహంతో తెచ్చిచ్చేది? తేలేకపోయినా, పారెయ్యలేకపోయినా," అన్నాడు నాగప్పన్.

ప్రీతి మెడ సాచి చూసింది. "అమ్మా, నీ పెండ్లికి కుక్క వచ్చిందా?"

కస్తూరి కిందికి వెళ్ళి ఆల్బం తెచ్చింది. నల్లటి ఖాళీ పేజీ తీసి, ఫోటోని నాలుగు మూలల్లోకీ దూర్చింది. ఎనిమిదేళ్ళు ఎదురుచూసిన మూలల్లోకి అది చక్కగా ఇమిడిపోయింది. తన మెడలో తాళి పడుతున్న నిమిషంలో బయట లోకం ఇలా ఉంది. ఆమె దాన్ని ఇన్నాళ్ళూ చూడలేదు. ఆ కుక్కని చూస్తే నవ్వొచ్చింది, ఒంటి చెప్పు మీదికి వేలు పోయి అక్కడే ఆగింది.

"ఇదే ముహూర్తం ఫోటో," అంది. "కూచో అన్నా, కాఫీ తాగు."

ఎనిమిదేళ్ళ తర్వాత ఆమె నోట మొదటిసారి 'అన్నా' అని వచ్చింది. నాగప్పన్ కాఫీ లోటా అందుకున్నాడు గానీ తాగలేదు. ఆల్బంకేసి చూస్తూ, ముందుకు వంగి అడిగాడు.

"బయట సంగతి నేను చెప్పినా. లోపల ఏమైంది చెల్లెమ్మా? ఈ పీపీ ఏంది? అప్పురం?"

కస్తూరి గొంతు సవరించుకుంది. చెప్పడం మొదలుపెట్టింది.

అర్ధరాత్రి నుంచి పెద్దవాళ్ళు మూలమూలలా గుసగుసలాడటం, ఎవరూ పెళ్ళికూతురికి చెప్పకపోవడం, చివరికి కన్నీళ్ళు కారుస్తూ పూలమాలలు కట్టే ముసలమ్మ చెప్పేయడం. పెళ్ళి ఆపాలని ఒకరు, మంగళస్నానం అయిన పిల్లకి ఆపకూడదని ఒకరు. కల్యాణ మంటపం ఆసామి చేతులు జోడించి, కట్టుకుంటే కట్టుకోండి గానీ మేళం మాత్రం వద్దు, ఊరు ఊరంతా ఏడుస్తుంటే వీధిలోకి చప్పుడు పోకూడదని చెప్పడం. మేళం లేకుండా తాళా అని పెళ్ళికూతురు తెర వెనక గుడ్లనీరు కుక్కుకోవడం. నాదస్వరం ఆయన వాద్యానికి గుడ్డ చుట్టి ఒళ్ళో పెట్టుకుని కూచోవడం.

"అప్పుడు, తెరకి ఆ పక్క నించి, ఈయన... అప్పటిదాకా ఈయన గొంతే నేను వినింది లేదు... మెల్లగా, పీ... అన్నాడన్నా!"

నాగప్పన్ లోటా పక్కన పెట్టేశాడు.

"నాదస్వరం ఆయన తిరిగి చూసి, అది రాగం కాదు నాయనా, ఇట్ట అని నోటితో అందుకున్నాడు. డోలు ఆయన తొడ మీద వాయించినాడు. మా అత్త డుం డుం అనింది. అంతే, ఇంక అందురూ! ముసలోళ్ళు, పిల్లోళ్ళు, వంటోళ్ళు, ఏడ్చి ఏడ్చి మొహాలు వాచినోళ్ళు, బయటికి వినపడకుండా గుసగుసగా పీపీ, డుండుం. అంత మెల్లగా గట్టిమేళం ఎవురికైనా వాయించినారా? నా మెడలో తాళి పడేటప్పుడు నేను నవ్వినా అన్నా. అంత దుఃఖంలో నవ్వొచ్చింది. ఈ మనిషితో బతికెయ్యచ్చు అని ఆడనే తెలిసిపోయింది."

దామోదరం మిద్దె చివర అరటి పిలక కట్లు విప్పుతున్నట్టు నటిస్తున్నాడు. అతని వీపు వెనక చిరిగిన పట్టుచొక్కా గాలికి ఎగురుతోంది. మునెమ్మ వింటూ వింటూ పెదవుల మధ్యే డుం డుం అంటోంది. ఎవరూ అడ్డం పడలేదు.

అక్కడికొచ్చి కస్తూరి ఆగిపోయింది. కథ ఇంతదూరం ఎప్పుడూ రాలేదు. ఇక్కడ ఏం చెప్పి ముగించాలో ఆమెకు తెలియలేదు. అందరి మొహాల్లోకీ చూసింది.

"అప్పురం?" అన్నాడు నాగప్పన్.

"అప్పురం ఏముంది," అంది కస్తూరి, పెళ్ళిచీర కొంగుతో కళ్ళొత్తుకుంటూ, నవ్వుతూ. "నాకు పెండ్లయిపోయింది."